బరకాలు ఆరాయి, వచ్చి పట్టుకెళ్ళండి

నిన్నటితో నా పెళ్ళి పదహార్రోజుల పండగ కూడా అయిపోయింది. "ఇప్పుడైనా నాలుగు ముక్కలు రాయవే" అని అమ్మ అంటే కూర్చున్నాను. ఇది పెళ్ళిరాత్రి గాలివానలో బరకాలు, అదే టార్పాలిన్లు, తెచ్చి ఆదుకున్న మా ఊరి వాళ్ళకి, ముఖ్యంగా మా కాలవగట్టు వీధి వాళ్ళకి.

కొబ్బరితోటలో పెళ్ళి అన్నది పూర్తిగా నా పంతం. అమలాపురంలో ఏసీ హాలు మాట్లాడదామని నాన్న మూడుసార్లు అన్నారు. వైశాఖంలో పొద్దువాలితే ఈదురుగాలి లేస్తుందని పెదనాన్న ఒక్కసారే చెప్పి ఊరుకున్నారు. హైదరాబాద్‌లో కూర్చుని ఫొటోలు చూసుకుంటున్న నాకు అవేవీ చెవికెక్కలేదు. పెళ్ళిరోజు మధ్యాహ్నం పిడుగులు పడొచ్చని ఫోనుకి మెసేజి వస్తే, చదివి తుడిచేశాను కూడా.

ముందు దింపు తీసినవాళ్ళకి దణ్ణం. పది రోజుల ముందే చెట్లన్నీ ఎక్కి కాయలు, ఎండుమట్టలు దులిపేశారు. చూడ్డానికి బావుంటాయి, నాలుగు గెలలు ఉంచండని నేనడిగితే, "కాయ నెత్తిన పడ్డాక ఏం బావుంటదమ్మా" అన్నారు. ఆ రాత్రి గాలికి చెట్లు విల్లులా వంగాయి. ఒక్క కాయ రాలలేదు.

ఏడింటికి మొదలైంది. టెంటు గుడ్డ తెరచాపలా లేచి వెళ్ళి కాలవలో పడింది. డబ్బంతా ముందే పుచ్చుకున్న టెంటువాళ్ళు మిగిలిన సామాను వ్యాన్లో వేసుకుని వెళ్ళిపోయారు. పేరు రాయను. ఉరుముతుంటే చెట్ల కింద నిలబడకూడదని చుట్టాలందర్నీ రామాలయంలోకి తోలింది ఎదురింటి మామ్మగారు. మగపెళ్ళివారిని కూడా. చేతికర్ర చూసి ఎవరూ మారుమాట్లాడలేదట.

నేను లోపల కాటుకంతా కారిపోయేలా ఏడుస్తుంటే వీధిలో ట్రాక్టరు చప్పుడు. వెనకాల ట్రక్కులో దాళ్వా ధాన్యం మీద కప్పే బరకాలు, 14. కింద గడ్డిమోపులు. బురద మీద గడ్డి పరిచి, వెదుళ్ళు పాతి, గంటన్నరలో పందిరి లేపారు. అయిదు రోజుల ముందు నవధాన్యాల మూట కట్టి పాతిన పెళ్ళిరాట ఒక్కటే కదలకుండా నిలబడింది, మొదటి తాడు దానికే కట్టారు. వాళ్ళలో ఒకాయన ధాన్యం ఇంకా అమ్ముడుపోలేదు. బస్తాలకెత్తి ఇంట్లోకి చేర్చి, రాశి మీది బరకం ఊడదీసి తెచ్చారని మర్నాటిదాకా మాకు తెలీదు. అడిగితే, "ఆయ్, వరండా ఖాళీగానే ఉందండి" అన్నారు.

గాడిపొయ్యి నిండా నీళ్ళు. పక్కింటివాళ్ళు గేదెల్ని విప్పి పాక ఖాళీ చేసిస్తే గుండిగలు అక్కడికి మారాయి. పనసపొట్టు కూర పోపు వాసన వచ్చాకే నాన్న కుర్చీలో కూర్చున్నారు.

ముహూర్తం 11.42. పది దాటాక మైకు పెట్టకూడదు కదా అని అంతకుముందు తెగ మథనపడ్డాం. తీరా చూస్తే కరెంటే లేదు! జనరేటరు మీద రెండు లైట్లు వెలిగాయి. తడికి మెత్తబడ్డ డోలుని పొయ్యి సెగకి కాచుకొచ్చి మరీ వాయించారు. తమలపాకులో జీలకర్ర బెల్లం పట్టుకుని నేను పైకి చూస్తున్నాను. సన్నజల్లు పడుతూనే ఉంది, సరిగ్గా మా నెత్తి మీద బరకం నీళ్ళతో పొట్టలా దిగుతోంది. ఇంటర్ చదివే కుర్రాడొకడు వెదురుగెడతో దాన్ని పైకి పొడిచి నీళ్ళు పక్కకి తోస్తున్నాడు. అయిదు నిమిషాలకోసారి, తలంబ్రాలయ్యేదాకా. ప్రతి ఫొటోలోనూ ఆ గెడ పడింది. చెరిపేస్తానని ఫొటోగ్రాఫరు అంటే వద్దన్నాను.

బరకాలన్నీ కడిగి, ఆరబెట్టి, మడతపెట్టి మా అరుగు మీద ఉంచాం. రంగుతో ఇంటిపేరు రాసినవి ఎవరివో తెలుస్తున్నాయి గానీ మూడింటి మీద ఏమీ లేదు. ఒకదాని మూలకి నీలం నైలాను తాడుంది. ఇంకోటి మా మేకుకి తగిలి నడుమ చిరిగింది, అది ఎవరిదో చెబితే కొత్తది కొనిస్తాం. తొలకరి పడకముందే వచ్చి పట్టుకెళ్ళండి. నాన్న ఇంట్లో లేకపోతే అమ్మనడగండి.