అలిపిరి మెట్ల దారిలో మా బాబును నడిపించిన తల్లికి

ఈ వేసవి సెలవుల్లో పద్నాలుగేళ్ల అమ్మాయి, ఏడేళ్ల బాబు, చంకలో ఏడాదిన్నర పాపతో అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి తిరుమల చేరాలని బయలుదేరాము. గాలిగోపురం ఇంకా పైన ఉండగానే, అక్క వేగాన్ని అందుకోలేక బాబు కూలబడి ఏడ్చాడు. పాపను దించి వాణ్ణి ఎత్తుకునే వీలు నాకు లేదు. అప్పుడు మెట్టుమెట్టుకూ పసుపు, కుంకుమ పెడుతూ మొక్కు తీర్చుకుంటున్న ఒక పెద్దావిడ ఆగి, "నాన్నా, ఒక్కదాన్నే పెట్టలేకపోతున్నాను, పసుపు నువ్వు పెట్టవూ?" అంటూ తన గిన్నె వాడి చేతిలో పెట్టారు. గోపురం దాకా వాడు ఒక్క మెట్టూ వదలలేదు. తన మొక్కులో సగాన్ని ముక్కూమొహం తెలియని పిల్లవాడికి పంచి ఇచ్చిన ఆ మనసు ఎంత పెద్దదో! అమ్మా, మీ పేరైనా అడగలేకపోయాను. మా కుటుంబమంతా మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాము. వాడి వేళ్ల పసుపు మరునాటికీ పోలేదు, కడగనివ్వనూ లేదు.