తమ్మీ, నీ వీటా వస్తోంది

కేంబ్రిడ్జి

తమ్మీ,

బతుకమ్మ పండక్కి హనుమకొండ వస్తున్న మా ఆఫీసు అన్న చేతికి పార్సిల్ ఇచ్చాను. అమ్మకు స్వెటర్, బాపుకు షేవింగ్ సెట్, నీకు సెకండ్‌హ్యాండ్ పీఎస్ వీటా, అదే చేత్తో పట్టుకుని ఆడే సోనీ గేమ్ మిషన్. అందులో వేసి ఉన్న తుపాకుల ఆట కిల్‌జోన్: మెర్సినరీ. 2013లో వచ్చింది. గెరిల్లా కేంబ్రిడ్జి అని, మా ఊరి స్టూడియోనే చేసింది. పాపం, 2017లో దాన్ని మూసేశారు.

ఫోన్‌లో ఆడేటప్పుడు ఎదుటోడు నీ వేలి కిందే దాక్కుంటాడని మొత్తుకుంటావు కదా, ఇందులో ఆ బాధ లేదు. ఎడమ స్టిక్‌తో నడువు, కుడి స్టిక్‌తో గురి పెట్టు. స్టిక్కులు మాత్రం పొట్టివి, కొంచెం కదిపినా గురి పక్కకు పోతుంది. ముందు సెట్టింగ్స్‌లో సెన్సిటివిటీ తగ్గించుకో. బొమ్మకు వంక పెట్టలేం. టీవీకి పెట్టి ఆడే పీఎస్3లో కిల్‌జోన్ 3కి వాడిన ఇంజిన్‌నే, అంటే ఆటను నడిపే సాఫ్ట్‌వేర్‌నే, ఈ అయిదంగుళాల తెరకు సర్దారు.

నాకు బాగా నచ్చింది పైసల లెక్క. నువ్వు కిరాయి సైనికుడివి. శత్రువును పడేసిన ప్రతిసారీ పైసలు పడతాయి, తలకు కొడితే ఇంకాస్త ఎక్కువ. వాటితో బ్లాక్‌జాక్ అనే ఆయుధాల వ్యాపారి దగ్గర తుపాకులు కొనుక్కోవాలి. మిషన్లు తొమ్మిదే, కానీ అయిపోయినదాన్నే కాంట్రాక్టు తీసుకుని మళ్లీ ఆడొచ్చు. ఒకసారి పేల్చుకుంటూ, ఒకసారి చప్పుడు కాకుండా. ఆ రెండోది నీ వల్ల కాదులే.

చిరాకు పుట్టించేది కత్తి. దగ్గరికెళ్లి పొడవాలంటే తెర మీద బాణం ఎటు చూపిస్తే అటు వేలితో గీయాలి. సరిగ్గా టెన్షన్‌లో ఉన్నప్పుడే బొటనవేలు స్టిక్ మీంచి తీయాలి! టచ్ స్క్రీన్ ఉంది కదా అని పెట్టినట్టుంది. కథ కూడా అంతంతే. మొదట ఒక పక్షం, తర్వాత అవతలి పక్షం, పైసలిచ్చినోడిదే రాజ్యం.

ఆన్‌లైన్‌లో నలుగురు నలుగురు జట్లుగా ఆడేవాళ్లు. 2022 ఆగస్టులో సర్వర్లు ఆపేశారు. కాబట్టి రాత్రిళ్లు నీ దోస్తులతో ఆడటానికి ఇది పనికిరాదు, వాళ్లకు ముందే చెప్పెయ్. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగేదాకా మాత్రం పొద్దు తెలియదు. మధ్యలో టీసీ వస్తే పవర్ బటన్ నొక్కు, ఆట ఉన్నచోటే ఆగుతుంది.

మెమరీ కార్డు తీయకు, దీనికి మామూలు ఎస్‌డీ కార్డు పట్టదు. చార్జింగ్ కేబుల్ కూడా వేరే రకం, పోగొట్టావంటే హనుమకొండ చౌరస్తా అంతా తిరిగినా దొరకదు. బాపు ధర అడిగితే సగమే చెప్పు.

మీ అక్క