మెరీనాలో ఇంకో చెక్క దారి వేయండి

గౌరవనీయులైన తమిళనాడు పర్యాటక శాఖ మంత్రిగారికి,

నమస్కారం. మేం మూడు తరాలుగా చెన్నై ట్రిప్లికేన్‌లో ఉంటున్న తెలుగువాళ్లం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం.

మా అమ్మకు 81 ఏళ్లు. పెళ్లయిన కొత్తలో నాన్నతో రోజూ సాయంత్రం మెరీనా బీచ్‌కు వెళ్లేదట. గంజి పెట్టిన చీర, తలలో మల్లెలు, చేతిలో తేంగా మాంగా పట్టాణి సుండల్ పొట్లం, అంటే కొబ్బరి, మామిడికాయ వేసిన బఠాణీ గుగ్గిళ్లు. మెరీనా స్వర్ణయుగం అంటే అమ్మకు అదే. చరిత్ర తెలిసినవాళ్లు 1880ల మాట ఎత్తుతారు. మద్రాసు గవర్నర్ గ్రాంట్ డఫ్ ఒడ్డు వెంట నడక దారి వేయించి, ఇటలీలోని సిసిలీ దీవి జ్ఞాపకాలతో మెరీనా అని పేరు పెట్టిన కాలం అది. నా ఓటు మాత్రం అమ్మకే.

హార్బర్ రాకముందు సముద్రం రోడ్డుకు చాలా దగ్గరగా ఉండేది. ఉత్తరాన హార్బర్ కట్టాక, దక్షిణం నుంచి కొట్టుకొచ్చే ఇసుక ఆ గోడలకు అడ్డుపడి ఇటువైపు మేట వేసింది. అటు రాయపురం వైపు మాత్రం కోత పడింది. మాకు బీచ్ పెరిగింది, వాళ్లకు ఊరు తరిగింది. ఇప్పుడు కొన్నిచోట్ల అలలను చేరాలంటే నాలుగొందల మీటర్లు ఇసుకలో నడవాలి. వీల్‌చైర్ పది అడుగులు కూడా కదలదు. ఏళ్ల తరబడి అమ్మ రోడ్డు మీద నుంచే సముద్రం చూసి తిరిగొచ్చేది.

2022 నవంబర్‌లో ఇసుక మీద చెక్క దారి తెరిచారు. రెండు వారాలైనా కాకముందే మాండూస్ తుఫాను దాన్ని కొంత విరగ్గొట్టింది. మా ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్, ఇక బాగుచేస్తారా అని. చేశారు. అమ్మను తీసుకెళ్లాను. చివర కమ్మీ పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "సుండల్ వాడేడిరా?" అంది.

మెరీనాకు మళ్లీ ఆ వైభవం తేవాలనుకుంటే రంగు దీపాలు తరవాత చూద్దాం. లైట్‌హౌస్ వైపు ఇలాంటి దారి ఇంకొకటి వేయించండి. మధ్యలో కాస్త నీడ, వీపు ఆనించుకునే బెంచీలు ఉంటే చాలు. ఉప్పుగాలికి మేకులు తుప్పుపడతాయి, చెక్క ఉబ్బుతుంది. ఏటా అక్టోబర్‌లో వానలు మొదలవకముందే ఒకసారి అన్నీ తనిఖీ చేయించండి.

ఇట్లు,
ట్రిప్లికేన్ నుంచి ఒక కొడుకు