రెండు వైపులా ఒకే తాత

తిరుపతి,
ఆదివారం

రేయ్ ప్రసాదూ,

జాబు లేటయింది, తిట్టుకోవద్దు. ఇక్కడ అందరూ బాగుండారు, అమ్మ మోకాళ్ళ నొప్పి అట్నే ఉంది, ఎండలు మామూలే. మిగతా ఊసులు తర్వాత. నువ్వు కొనాలనుకుంటున్న పర్షియన్ పిల్లిపిల్ల పెడిగ్రీ, అదే వంశవృక్షం కాగితం, జిరాక్సు పంపినావే, దాని సంగతి చెప్పకపోతే నాకు అన్నం సయించేట్టు లేదు. అడ్వాన్సు ఇచ్చేయలేదు కదా? ఇవ్వొద్దు, ఆగు.

ఆ కాగితంలో తండ్రి తండ్రి పేరు ముందర ‘గ్రాండ్ ఛాంపియన్’ అని ఉంది. తల్లి తండ్రికి బిరుదేమీ లేదు, పేరు కూడా సగమే టైపు చేసినారు. చూస్తే ఇద్దరూ వేరే అనిపిస్తారు. పేర్లు వదిలేసి కింద చిన్నక్షరాల్లో ఉన్న రిజిస్ట్రేషన్ నంబర్లు చూడు. రెండూ ఒకటే! ఒకే మగపిల్లిరా అది. బిరుదు రాకముందు ఒక కాగితం, వచ్చినాక ఇంకోటి రాసుంటారు.

అంటే నీ పిల్లకి అమ్మా నాన్నా ఒకే తండ్రి బిడ్డలు. తండ్రి నుంచి ఆ తాత మీదుగా తల్లి దాకా వేలు పెట్టి లెక్కపెట్టు, ముగ్గురు. ఒకటిని మూడుసార్లు సగం చెయ్యి: 12.5 శాతం. పిల్లకి ఒక లక్షణం రెండు వైపుల నుంచీ ఆ తాతదే వచ్చే అవకాశం అది. మన చిత్తూరు వైపు మేనమామకే పిల్లనిస్తే పుట్టే బిడ్డకీ ఇదే లెక్క. (నీ సంబంధం మాట ఎత్తను, ఒట్టు.) తోడబుట్టిన జంటయితే 25. పైగా నీ కాగితంలో మూడు తరాలే, 14 పేర్లు. అయిదు తరాలది అడుగు, 62 ఉండాలి. పైన ఇంకోచోట కూడా అదే నంబరు దొరికితే శాతం ఇంకా పెరుగుతుంది. ‘ఇది లైన్ బ్రీడింగ్ సార్, మంచి వంశం నిలబెట్టడానికి కావాలనే దగ్గరి చుట్టాల్ని కలిపినాం’ అంటాడు ఆ అమ్మేవాడు, చూడు. అననీ, లెక్క మారదు.

పర్షియన్లలో చూపు పోయే జబ్బొకటి ఉంది. ఆ లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే పిల్లకి తగులుతుంది, 16 వారాలకల్లా గుడ్డిదైపోతుంది. తాతలో అది దాగుంటే ఇద్దరికీ పంచి ఉండొచ్చు, అప్పుడు ఒక్కో పిల్లకి నాలుగింట ఒక వంతు ప్రమాదం. బయటి సంబంధానికి అంత భయం లేదు. కిడ్నీల్లో నీటితిత్తుల జబ్బు, అదే పీకేడీ, వేరే రకం. దానికి మేనరికంతో పని లేదు, ఒక్కరికున్నా సగటున సగం పిల్లలకి వస్తుంది. అందుకే ‘తండ్రికి టెస్టు చేయించినాం’ అంటే తలూపొద్దు. ఇద్దరి డీఎన్ఏ రిపోర్టులూ కావాలి, వాటి మీది నంబరు పెడిగ్రీ నంబరుతో కలవాలి. స్కానింగు చూపిస్తే అప్పుడు ఆ పిల్లి వయసెంతో అడుగు. పది నెలల్లోపు స్కానులో తిత్తులు దొరక్కపోవచ్చు. డీఎన్ఏకి ఆ గొడవ లేదు, బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి పంపితే చాలు.

‘పిల్ల బాగుందా’ అంటే ఎవడైనా బాగుందనే అంటాడు. ఈ కాన్పులో ఎన్ని పుట్టినాయి, ఎన్ని మిగిలినాయి అని అడుగు. మొదటి వారంలోనే పోతా ఉంటే మేనరికమే అయ్యుండొచ్చు, లేదా తల్లి రక్తం బి గ్రూపు, తండ్రిది ఏ గ్రూపు అయ్యి తల్లి ముర్రుపాలే పిల్లల్ని చంపుతూ ఉండొచ్చు. తాత ఏ వయసులో, దేనితో పోయినాడో కూడా... అది దాచకుండా చెప్పేవాడయితే బేరం ఆడొచ్చు.

మూతి మరీ చప్పిడిదీ వద్దురా, మన వార్డెన్ మాదిరి. ఎప్పుడూ కళ్ళు కారతా ఉంటాయి, ఊపిరి కూడా గురగురా... అది వేరే జాబు రాయాలి.

కొత్త కాగితం వస్తే నంబర్లు కనపడేట్టు జిరాక్సు తీయించు, ఈసారి మడత సరిగ్గా తల్లి నంబరు మీద పడింది, భూతద్దం పెట్టి చదవాల్సొచ్చింది. ఇదిగో టపా కట్టే వేళయింది, ఉంటా.

నీ
శీనుగాడు