దసరాకి వస్తున్నావుగా, ఇది చదివి బయల్దేరు

బెజవాడ,
శుక్రవారం రాత్రి

ఒరేయ్ వాసూ,

అమ్మనీ, చెల్లెమ్మనీ, పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని దసరాకి దిగుతున్నానన్నావు, సంతోషం. ఒక సాయంత్రం షాపులన్నీ తిరిగేసి, చీరలు కొనేసి, మంచి చోట భోంచేసి వచ్చేస్తామని రాశావు చూడు, ఆ ముక్క మాత్రం కొట్టెయ్. పండగ పూట బెజవాడలో చూడ్డం, కొనడం, తినడం మూడూ ఒకే సాయంత్రానికి కుదరవురా. సాయంత్రం చూడండి. పొద్దున కొనండి. ఊరంతా తినే వేళకి ఓ గంట ముందో వెనకో తినండి. ఎందుకో చెప్తా విను.

ముందు అద్దాల సంగతి. పగలు షోకేసు ముందు నిలబడితే నీ మొహం, నీ వెనక ఆటో, ఎదురింటి బోర్డు కనిపిస్తాయి తప్ప లోపలి చీర కనపడదు. బయటి వెలుగు లోపలి వెలుగుకంటే ఎక్కువున్నంతసేపూ ఆ గాజు అద్దంలాగే పనిచేస్తుంది. పొద్దుగూకాక సంగతి తిరగబడుతుంది. అందుకని ఆరున్నరకి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకి ముగించు. ఆ తర్వాత కొండ మీద దర్శనం అయినవాళ్లు కూడా దిగి రోడ్ల మీదికొస్తారు, నడవడానికి సందుండదు.

బీసెంట్ రోడ్డుతో మొదలుపెట్టు. ఒక కొస ఏలూరు రోడ్డు, ఇంకో కొస బందరు రోడ్డు. ఏలూరు రోడ్డు వైపు దిగి బందరు రోడ్డు వైపు తేలితే మళ్లీ వెనక్కి నడిచే పని తప్పుతుంది. కారు మాత్రం తేకు, బస చేసినచోటే వదిలి ఆటోలో రా. రోడ్డు మధ్యలో చెప్పులు, గాజులు, హ్యాండ్‌బ్యాగుల బళ్లుంటాయి, పిల్లలు అక్కడే అతుక్కుపోతారు. అక్కడ బేరం ఆడాలి. అద్దాల షాపుల్లో ఆడితే నవ్వుతారు, బళ్ల దగ్గర ఆడకపోతే నవ్వుతారు, అంతే తేడా.

బందరు రోడ్డు మీదికి వచ్చాక పెద్ద పెద్ద చీరల షాపులు, బంగారం షాపులు లబ్బీపేట మీదుగా బెంజి సర్కిల్ దాకా వస్తూనే ఉంటాయి. మధ్యలో డివైడరుంటుంది, ఎక్కడపడితే అక్కడ దాటలేరు. అమ్మతో అయితే అసలు వద్దు. ఒక పక్కే పట్టుకుని నడవండి, కాళ్లు లాగితే ఆటో ఎక్కండి, రెండో పక్క మర్నాటికి ఉంచుకోండి.

ఇక ఆ షోకేసుల్లో ఏం చూడాలి? నవరాత్రుల్లో చాలాచోట్ల మెట్లు కట్టి బొమ్మల కొలువులాగా పేరుస్తారు, అమ్మవారికి ఆ రోజు ఏ అలంకారమైతే ఆ రంగు చీర ముందు బొమ్మకి కడతారు. కుచ్చిళ్లు ఎంత తీరుగా పడ్డాయో అని చెల్లెమ్మ మురిసిపోయే లోపల బొమ్మ వెనక్కి ఓసారి తొంగిచూడమను. వీపు మీద క్లిప్పులు, పిన్నులు వరసగా కనిపిస్తాయి. ఆ పడటం చీరది కాదు, పిన్నులది. లైటు ఇంకో మాయ. బంగారం మీద పసుప్పచ్చ లైటు, వెండి మీదా రవ్వల మీదా తెల్ల లైటు వేస్తారు, ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. చీరల షాపు పసుప్పచ్చ లైటు కింద మెంతి రంగు బంగారు రంగైపోతుంది, వంగపండు రంగు ఎర్రబడుతుంది. నెమలికంఠం లాంటి డబుల్ షేడు చీరల్లో పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. బట్టని అటూ ఇటూ వంచితేనే రెండూ తేలతాయి. షోకేసులో కదలకుండా ఒక్క దీపం కింద నిలబడ్డ బొమ్మ మీద నువ్వు చూసేది ఆ చీరలో సగమే. అందుకే సాయంత్రం కొనద్దంటున్నా. నచ్చినవాటిని ఫోన్లో ఫొటో తీసుకో, షాపు బోర్డు కూడా పడేట్టు.

ఫొటోకి ఫ్లాష్ వెయ్యకు, గాజు మీద తెల్లమచ్చ తప్ప ఏమీ రాదు. ఫోను లెన్సుని గాజుకి ఆనించి పట్టుకో, నీ నీడే అడ్డమై వెనక లైట్లు పడవు. బాగా వెలుగున్నచోట వేలితో తాకి కాంతిని కిందికి దించు, లేకపోతే జరీ అంతా తెల్లగా అలికినట్టు వస్తుంది. సీరియల్ లైట్లని వీడియో తీస్తే నల్లటి చారలు పాకుతుంటాయి, మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి. సెట్టింగుల్లో 30 ఫ్రేములకి బదులు 25 పెడితే చాలావరకు తగ్గుతాయి.

కొనడం మర్నాడు పొద్దున, షాపు తెరిచిన మొదటి గంటలో. సేల్సువాళ్లకి ఓపికుంటుంది, పరుపు మీద నీ ముందు వేసిన చీరల్ని పక్కావిడ లాక్కోదు. ఫొటో చూపించి "ఇదే రంగులో లోపలి పీసు తియ్యండి" అను. బొమ్మకి కట్టింది తీసుకోకు. రోజుల తరబడి లైటు కింద ఉండి మడత మీద రంగు వెలుస్తుంది, పిన్నుల దగ్గర పోగులు జరుగుతాయి. తెచ్చిన పీసుని గుమ్మం దాకా తీసుకెళ్లి పగటి వెలుగులో చూస్తామంటే ఏ షాపువాడూ కాదనడు. కాదంటే పక్క షాపుంది. చీర మొత్తం విప్పించి కొలిపించు. జాకెట్టు ముక్కతో కలిపి సుమారు ఆరుంపావు మీటర్లుండాలి. ముక్క ఎనభై సెంటీమీటర్లకి తగ్గితే పొడుగు చేతులు రావు. పట్టు అన్నారంటే సిల్క్ మార్క్ చీటీ అడుగు. అది లేకపోతే కొంగు చివర కుచ్చులోంచి రెండు పోగులు లాగి అగ్గిపుల్ల చూపించు, అడిగి చెయ్యి సుమా. పట్టైతే వెంట్రుక కాలిన వాసనొచ్చి బూడిద నలిపితే పొడవుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

రెడీమేడ్ విషయంలో ఒక లెక్క గుర్తుంచుకో. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒక్కో డ్రెస్సు ధర 2,500 రూపాయల దాకా 5 శాతం జీఎస్టీ, ఒక్క రూపాయి దాటినా 18 శాతం. పన్ను విడిగా వేసే షాపులో 2,500 గౌను 2,625కి వస్తే, 2,600 గౌను 3,068 అవుతుంది. వంద రూపాయల తేడాకి నాలుగొందల నలభై మూడు. పన్ను పడేది డిస్కౌంటు పోగా మిగిలిన ధర మీద కాబట్టి గీత దగ్గరున్నదానికి కాస్త డిస్కౌంటు అడగడం దండగ కాదు. ట్యాగు మీద ఎమ్మార్పీ అని ఉంటే మాత్రం పన్ను అందులోనే కలిసుంటుంది. పైన వేస్తే ఊరుకోకు.

ఫాల్, పికో ఆ షాపులోనే వేయించేస్తే ఇక మార్పిడి ఉండదు. జాకెట్టు ముక్క కత్తిరించినా అంతే. చెల్లెమ్మకి ఆ పండక్కే కట్టుకోవాలనుంటే జాకెట్టు ముందే మీ ఊళ్లో కుట్టించుకుని రమ్మను. ఇక్కడ దర్జీలు పండగ వారంలో కొత్త గుడ్డ ముట్టుకోరు. "రేపిస్తా" అన్నవాణ్ణి అసలు నమ్మకు.

అమ్మకి నూలు చీర కావాలంటే బందరు రోడ్డులో వెతక్కు, మంగళగిరి పది పన్నెండు కిలోమీటర్లే, పూట పని. 80వ నంబరు నూలు, ఒంటి మీద బుటాలేమీ లేకుండా నేత, అంచు మీద నిజాం బోర్డరు, అంటే చిన్న చిన్న గోపురాల వరసున్న జరీ. వెనకా ముందూ ఒక్కలాగే ఉండాలి.

బంగారం చూసేవాళ్లు చూడండి, కొనాల్సి వస్తే మాత్రం మూడు గుర్తులు: బీఐఎస్ ముద్ర, 22కే916 లాంటి స్వచ్ఛత అంకె, ఆరక్షరాల హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకీ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు. ఈ మూడోది 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ నగ పుట్టుపూర్వోత్తరాలు వస్తాయి. షోకేసులో "తరుగు ఇంతే" అని పెద్దక్షరాల్లో రాస్తారు, మజూరీ, రాళ్ల బరువు మాత్రం చిన్నక్షరాల్లో ఉంటాయి. రాళ్ల బరువు బంగారం బరువులోంచి తీసేశారో లేదో బిల్లులో చూసుకో.

పిల్లలకి కొండపల్లి బొమ్మలు కొనకుండా పంపను. తెల్ల పొణికి కర్ర కాబట్టి చేతిలో దూదిలా తేలిగ్గా ఉండాలి. ముక్కల్ని చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. బరువుగా ఉండి, పక్కన సన్నటి అతుకు గీత కనపడి, పది బొమ్మలకీ ఒకటే నవ్వుంటే అది అచ్చులో పోసింది. అంబారీ ఏనుగు అందంగా ఉంటుంది గానీ దాని తొండం రైల్లో విరుగుతుంది. దశావతారాల సెట్టు చొక్కాల మధ్య సర్దుకో.

ఇక తిండి. ఇక్కడ నీకూ నాకూ గొడవ లేదనుకుంటా.

పొద్దున టిఫిను ఏడింటికే. గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ 1942 నుంచీ ఉంది, ఇడ్లీ మీద వెన్న వేసి ఇస్తారు. చిన్న చోటు, పెద్దగా ఆర్డరిచ్చి కబుర్లు పెట్టుకుని కూర్చునే రకం కాదు. తిని లేవాలి. అమ్మకి కుర్చీ దొరికాక నువ్వు నిలబడి తిను. ఇడ్లీకి చట్నీ ఒక్కటే కాదు, కారప్పొడి మీద నెయ్యి వేయించుకో. పెసరట్టు కూడా పొద్దున పూటదే. పెసలు నానబెట్టి రుబ్బిన పిండి, మినప్పిండిలాగా పులియదు, పులియకూడదు. మధ్యాహ్నానికి వాసన మారి అట్టు మెత్తబడుతుంది. రాత్రి మెనూలో పెసరట్టు కనపడినా కక్కుర్తి పడకు. ఉప్మా లోపల పెట్టించుకుంటే అట్టు అయిదు నిమిషాల్లో తడుస్తుంది. పక్కన పెట్టమని చెప్పు, అల్లప్పచ్చడి రెండోసారి అడుగు.

మధ్యాహ్నం భోజనం పన్నెండుకి. ఒంటిగంట నుంచి రెండున్నర దాకా ప్రతి కుర్చీ వెనకా ఒకరు నిలబడి నీ పెరుగన్నం ఎప్పుడవుతుందా అని చూస్తుంటారు, తిన్నది ఒంటబట్టదు. మూడు దాటితే కూరలు అయిపోతాయి. ఆకలి చంపుకోకూడదంటే ముద్దపప్పు, గోంగూర, కందిపొడితోనే కడుపు నింపుకోకు, పులుసుకీ గడ్డపెరుక్కీ చోటుంచు. పిల్లలకి విడిగా ఫుల్ మీల్స్ ఎందుకు? ప్లేట్ మీల్స్ ఒకటి ఇద్దరికీ సరిపోతుంది. గోంగూర కారం నషాళానికి అంటితే నీళ్లు తాగించకు, నీళ్లకి ఆ కారం కరగదు. పెరుగో మజ్జిగో పొయ్యి.

నవరాత్రుల్లో చాలామంది నీచు ముట్టరు కాబట్టి శాకాహార హోటళ్ల ముందు లైన్లు, బిర్యానీ హోటళ్లలో ఖాళీ కుర్చీలు. నువ్వు ముడతావని నాకు తెలుసులే, అమ్మకి చెప్పను. దమ్ బిర్యానీ అయితే మధ్యాహ్నం హండీ మూత తీసిన వేళకి వెళ్లు. సాయంత్రం నాలుక్కి అడుగు మసాలా, ఎండిన ముక్కలే మిగులుతాయి. ఫ్రై పీస్ బిర్యానీ వేరు. అన్నం విడిగా, వేయించిన కోడి ముక్కలు పైన. ఆలస్యంగా వెళ్లినా పెద్దగా నష్టం లేదు. ఫుల్ ఒకటి ఇద్దరికి చాలు, నలుగురికి నాలుగు చెప్పే పొరపాటు చెయ్యకు.

సాయంత్రం అద్దాల ముందుకి ఖాళీ కడుపుతో వెళ్లకండి. అయిదున్నరకి పునుగులు. నూనె నల్లగా నురగ కక్కుతున్న బండి దగ్గర ఆగద్దు, జనం ఎక్కువున్న బండైతే వాయి వెంట వాయి వేడివేడిగా దిగుతుంటుంది. తర్వాత నడక, తొమ్మిదిన్నరకి తేలిగ్గా ఏదైనా ఏసీ హోటల్లో కూర్చోండి. కౌంటర్లో పేరు రాయించి, "ఎంతమంది ముందున్నారు" అని అడుగు, "ఎంతసేపు పడుతుంది" అని కాదు. రెండోదానికి ఎప్పుడూ పది నిమిషాలనే చెప్తారు.

ఆర్డర్లో అందరూ చేసే తప్పొకటుంది. ఒకరికి దోసె, ఒకరికి నాన్, ఒకరికి నూడుల్స్. మూడూ మూడు చోట్ల తయారవుతాయి. దోసె ముందొచ్చి చల్లారిపోతుంది, తందూరు రద్దీలో నాన్ చివర్లో వస్తుంది, ఈలోపు చిన్నది నిద్రపోతుంది. టేబులంతా ఒకే పొయ్యికి కట్టుబడండి. లేదంటే నాన్ ముందు చెప్పి, అది వచ్చాక దోసె చెప్పు.

బిల్లు వచ్చాక చూడు: మామూలు హోటల్లో జీఎస్టీ మొత్తం 5 శాతం, రెండున్నర చొప్పున రెండు వరసల్లో. సర్వీస్ ఛార్జీ అని ఇంకో వరసుంటే అది నీ ఇష్టం, వద్దంటే తీసెయ్యాలి. టిప్పు వడ్డించిన కుర్రాడి చేతిలో నేరుగా పెట్టు, వాడికి అదే చేరుతుంది.

మిఠాయిలు తిరిగి వెళ్లే రోజున కొను, ముందు కాదు. బందరు లడ్డూ, ఆ ప్రాంతపు సరుకని చెప్పే జీఐ గుర్తింపు 2017లో వచ్చిందిలే, నిలవుంటుంది, సంచిలో ఎలా పడేసినా ఫర్వాలేదు. ఆత్రేయపురం పూతరేకులు అలా కాదు. 2023లో వాటికీ జీఐ వచ్చింది గానీ గుర్తింపుతో గట్టిపడవుగా, పెట్టె బల్లపరుపుగా పెట్టాలి, గాలి తగిలితే మెత్తబడతాయి. ఫ్రిజ్‌లో అసలు పెట్టద్దు. తూచేటప్పుడు అట్టపెట్టె బరువు తీసేసి తూయమను.

అన్నట్టు మూలా నక్షత్రం నాడు మాత్రం ఊళ్లోకి దిగకు. సరస్వతీ అలంకారం, ఊరంతా కొండ చుట్టూనే ఉంటుంది, ఆటో దొరకదు. దసరా రాత్రికి తెప్పోత్సవం చూద్దామంటే అమ్మని వదిలి రావాలి. చీరల బేరాలకే అయితే దసరా వెళ్లిన రెండు మూడు రోజులకి రా. దీపావళికి ఇంకా రెండు వారాలు పైనే ఉంటాయి, షోకేసులు మారుస్తుంటారు, బొమ్మల మీంచి దింపినవి తగ్గించి ఇస్తారు. వెలిసిన మడత ఎక్కడుందో చూసుకుని తీసుకుంటే లాభమే.

ఏ బండికి దిగుతున్నారో ముందురోజు చెప్పు. అమ్మ మోకాళ్లు ఇంకా నొప్పిగానే ఉంటే బీసెంట్ రోడ్డు మానేసి నేరుగా లబ్బీపేట నుంచి మొదలుపెడదాం.

నీ
శీను

తా.క. పిల్లల చెప్పులు పాతవే వేసుకు రమ్మను. కొత్త చెప్పులతో బందరు రోడ్డు నడిస్తే షోకేసులు చూడరు, నీ భుజం ఎక్కుతారు.