వ్యాయామానికి పొట్టి టాపే వేసుకోవాలా?

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండలో మా ఇంటి దగ్గరి ఫిట్‌నెస్ సెంటర్‌లో బ్యాలే తరహా వ్యాయామం నేర్పుతున్నారు. గోడకున్న కడ్డీ పట్టుకుని, మడమలెత్తి, మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడాలి. లొట్టే బెర్క్ అనే నర్తకి నడుము గాయం తర్వాత రూపొందించి, 1959లో లండన్‌లో నేర్పడం మొదలుపెట్టిన పద్ధతి ఇది. నాకు చాలా నచ్చింది.

కానీ మా పక్కింటి వదిన కుర్తీ వేసుకుని వస్తే, పొట్టి టాప్ లేనిదే రానివ్వబోమని సెంటర్ వాళ్లు అన్నారు. ఆమె మళ్లీ రాలేదు. నాకు చాలా బాధేసింది.

మోకాలు, తుంటి తిన్నగా ఉన్నాయో లేదో టీచర్‌కు కనిపించాలి, నిజమే. పటియాలా ప్యాంటు కుచ్చుల్లో అది తెలియదు. చున్నీ కాళ్లకు అడ్డం పడుతుంది. అవి వద్దనండి, ఒప్పుకుంటాం. సాగే లెగ్గింగ్స్ మీద పక్కన చీలికలున్న, తొడల దాకా వచ్చే కుర్తీ వేసుకుంటే ఏం అడ్డం?

అసలు చూడాల్సింది పాదాలు. నున్నటి టైల్స్ మీద మామూలు సాక్సులు జారుతాయి, ఆ మాట ఎవరూ చెప్పలేదు. అడుగున రబ్బరు చుక్కలున్న గ్రిప్ సాక్సులు కావాలి. మెట్టెలు తీయడం ఇష్టం లేనివాళ్లకు వేళ్లు బయటికి ఉండే రకం కూడా ఉంది.

సెంటర్ల వాళ్లు ఈ వివరాలు చేరే రోజే తెలుగులో రాసివ్వాలి. కుర్తీకి అనుమతివ్వాలి.

- ఒక గృహిణి, హనుమకొండ