పాత కార్ల స్టీరింగ్, సస్పెన్షన్ పనుల్లో మేము చేస్తున్న మార్పు

పాత కార్ల స్టీరింగ్, సస్పెన్షన్ పనుల కోసం మా వర్క్‌షాపుకు వచ్చే వినియోగదారులందరికీ ఒక విషయం తెలియజేస్తున్నాము. పవర్ స్టీరింగ్ కిట్లు, పొట్టి స్ప్రింగులు, లావుపాటి యాంటీ రోల్ బార్లు (మలుపుల్లో కారు ఒరగడాన్ని తగ్గించే కడ్డీలు) వంటివాటిని కారును పూర్తిగా పరీక్షించకుండా నేరుగా బిగించే ఆర్డర్లను ఇకపై తీసుకోము. కిట్లలో మాకు మిగిలేది ఎక్కువ, తుప్పుపట్టిన బోల్టులతో కుస్తీపట్టి అరిగిన బుష్‌లు (కీళ్ల దగ్గర అదురును పీల్చుకునే తొడుగులు) మార్చడంలో మిగిలేది తక్కువ. అయినా ఈ నిర్ణయం తీసుకున్నామంటే, తక్కువ ఖర్చుతో కారు నడక బాగుపడాలని కోరుకునేవారు కిట్టుతో మొదలుపెడితే చాలాసార్లు ఆ ఖర్చు దండగే అవుతుంది.

కారు పక్కకు లాగుతోందనో, స్టీరింగ్ బరువుగా ఉందనో చెప్పినప్పుడు మేము ముందుగా చూసేది టైర్లను. టైరు పక్కభాగం మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే సంకేతంలో చివరి నాలుగు అంకెలు అది తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. 3514 అని ఉంటే 2014లో 35వ వారం అన్నమాట. ఈ కార్లు ఎక్కువ కాలం షెడ్డులోనే ఉంటాయి కనుక గాడులు లోతుగానే కనిపిస్తాయి, రబ్బరు మాత్రం గట్టిపడిపోయి ఉంటుంది. పాతరకం క్రాస్‌ప్లై టైర్ల కాలంలో తయారైన కారు ఇప్పుడు నేటి రకమైన రేడియల్ టైర్ల మీద నడుస్తుంటే, పాత మాన్యువల్‌లోని టో-ఇన్ కొలతను (ముందు చక్రాల ముందుభాగాలు ఎంత లోపలికి తిరిగి ఉండాలో చెప్పేది) అలాగే పెట్టకూడదు. రేడియల్ టైర్లకు సాధారణంగా అంతకంటే తక్కువ చాలు.

తర్వాతి పరీక్షకు ఖర్చేమీ లేదు, మీరే ఇంట్లో చేసుకోవచ్చు. బరువంతా చక్రాల మీదే ఉంచి, ఇంజను ఆపి, ఒకరు స్టీరింగ్ చక్రాన్ని అటూ ఇటూ కొద్దిగా కదుపుతుండగా మరొకరు టై రాడ్ (చక్రాలను తిప్పే కడ్డీ) చివరలు, ఐడ్లర్ ఆర్మ్ (ఆ కడ్డీలను రెండోవైపు మోసే చేయి), స్టీరింగ్ బాక్సు (స్టీరింగ్ గేర్లు ఉండే పెట్టె) బోల్టులు ఒక్కొక్కటే చేత్తో పట్టుకొని చూడాలి. లూజు ఎక్కడుందో చేతికే తెలుస్తుంది. చాలామంది ఈ పరీక్ష చేయకుండానే స్టీరింగ్ బాక్సు మీద ఉన్న అడ్జస్టింగ్ స్క్రూను బిగించేస్తారు. బాక్సు లోపల అరుగుదల ఎక్కువగా మధ్యభాగంలోనే ఉంటుంది, ఎందుకంటే కారు నడిచేది ఎక్కువగా తిన్నగానే. మధ్యలోని లూజు పూర్తిగా పోయేదాకా స్క్రూ బిగిస్తే, పెద్దగా అరగని రెండు వైపులా గేర్లు పట్టేస్తాయి, మలుపు తర్వాత స్టీరింగ్ చక్రం తనంతట తాను వెనక్కి రాదు. ఇది లూజు కన్నా ప్రమాదకరం. కనుక కీళ్లన్నీ సరిచేశాకే బాక్సు జోలికి వెళ్తాము.

బుష్‌ల విషయంలో మా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. పాలియురెథేన్ బుష్‌లు ఎక్కువ కాలం మన్నుతాయన్న మాట నిజమే, కానీ అవి గట్టివి కావడంతో రోడ్డు అదురు బాడీలోకి ఎక్కువగా వస్తుంది, సరైన గ్రీజు లేకపోతే కిర్రుమంటాయి, ఒకటికి మించిన దిశల్లో కదలవలసిన చోట పట్టేస్తాయి కూడా. రోజువారీ వాడకానికి మంచి రబ్బరు బుష్‌లే మేము సూచిస్తాము. అయితే వాటి బోల్టులను కారు జాకీ మీద వేలాడుతుండగా కాక, చక్రాల మీద నిలబడ్డాకే చివరిగా బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి త్వరగా చిరిగిపోతుంది. కొత్తవి వేసినా ఏడాది తిరక్కుండానే పోయాయని వచ్చే కార్లలో ఇదే కారణం తరచుగా కనిపిస్తుంది. గోదాములో దశాబ్దాలుగా పడి ఉన్న అసలు కంపెనీ రబ్బరు భాగాలను కూడా మేము వాడము, వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుంది.

ఖర్చు తగ్గించుకోదగిన చోట్లు లేకపోలేదు. లివర్ ఆర్మ్ షాక్ అబ్జార్బర్లను (చేయిలాంటి కడ్డీతో పనిచేసే పాతరకం షాక్ అబ్జార్బర్లను) చాలావరకు బాగుచేయించవచ్చు. కమాను పట్టీలను (లీఫ్ స్ప్రింగులను) విడదీసి, తుప్పు గీకి, మళ్లీ కూర్చితే రాపిడి తగ్గి నడక మెత్తబడుతుంది. కింగ్ పిన్‌లకు (ముందు చక్రాలు పక్కలకు తిరిగే నిలువు ఇరుసులకు) చక్రాన్ని పైకి లేపి గ్రీజు కొట్టడంతోనే కొన్ని కార్ల స్టీరింగ్ తేలికవుతుంది. బాల్ జాయింట్లు (బంతిలా తిరిగే కీళ్లు), టై రాడ్ చివరలు మాత్రం కొత్తవే వేస్తాము. పాతవి తెచ్చి వేయమని అడగవద్దని మనవి. స్ప్రింగులను కోసి కారును కిందికి దించే పని అసలే చేయము.

కిట్ల కోసం ఇప్పటికే బయానా ఇచ్చినవారి కార్లను ముందు పరీక్షిస్తాము. పరీక్షలో తేలిన మరమ్మతులు, వీల్ అలైన్‌మెంట్ పూర్తయ్యాక కారును మీరే నడిపి చూసి, కిట్టు ఇంకా కావాలో వద్దో చెప్పవచ్చు. వద్దనుకుంటే ఆ బయానాను మరమ్మతు బిల్లులో తగ్గిస్తాము, మిగిలితే తిరిగి ఇస్తాము. కారు తెచ్చే వారం ముందునుంచి సస్పెన్షన్ బోల్టుల మీద రోజూ తుప్పు వదిలించే నూనె చల్లి ఉంచితే మా కూలి గంటలు, మీ బిల్లు రెండూ తగ్గుతాయి.